గ్యాస్ కట్టేసినట్టు రుజువు

తప్పులు పట్టడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తాను. ఎవరో నెలల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాములో ఎక్కడ నొక్కితే ఏది కూలిపోతుందో కనిపెట్టి, మర్యాదగా రాసి, వాళ్లకే పంపించడం నా పని. ఇన్నేళ్లుగా అందరికీ తప్పులు చూపిస్తున్నాను కాబట్టి, నాకెవరైనా చూపిస్తే సంతోషంగా తీసుకుంటాననే అనుకునేదాన్ని. ఫోటోల గుంపులో చేరాక గాని ఆ భ్రమ పోలేదు.

ఆ గుంపు మా ఆఫీసులోనే పుట్టింది. నా పక్క సీటు కుర్రాడు, పెళ్లికి దాచుకున్న బోనస్‌తో పెద్ద కెమెరా ఒకటి కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. మొదట్లో అందులో మా అంతస్తు మొత్తం ఉండేది. ఎవరు ఏ ఫోటో పెట్టినా 'సూపర్' అనేవారు. కాఫీ కప్పు పెడితే సూపర్, కుక్క పెడితే సూపర్, మబ్బు పెడితే సూపర్. పొరపాటున ఒకరు కరెంటు బిల్లు పెడితే దానికీ రెండు సూపర్లు పడ్డాయి.

ఇలా కాదని మా కుర్రాడు ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉండేది బాచుపల్లిలో. వాళ్లబ్బాయి ఇల్లు కొండాపూర్‌లో కావడంతో శని ఆదివారాలు ఇటే ఉండి బొటానికల్ గార్డెన్‌లో నడుస్తారు. నడకలో పరిచయమట. ఆయన గ్రూపులో చేరిన మర్నాడే ఒక ఫోటో కింద ఇలా రాశారు: "సూపర్ అంటే ఏంది? ఎక్కడ సూపరు? చూపియ్యి."

ఆ ఒక్క ప్రశ్నకి సగం మంది గ్రూపులోంచి వెళ్లిపోయారు. మిగతా సగంలో ఇంకో సగం తర్వాతి వారాల్లో వెళ్లిపోయారు. చివరికి మిగిలింది ఏడెనిమిది మందిమి. శనివారం పొద్దున్నే గార్డెన్ గేటు దగ్గర కలిసి, ఒక రౌండు నడిచి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. మా కుర్రాడి ట్యాబ్లెట్‌లో ఆ వారం ఫోటోలు ఒక్కొక్కటే చూసేవాళ్లం. నియమాలు పెద్దాయనవే. ఫోటో తీసినవాళ్లు మొదటి ఐదు నిమిషాలు నోరెత్తకూడదు. మిగతావాళ్లు ముందు ఏది బాగుందో చెప్పాలి, తర్వాత ఏది సరిచేసుకోవచ్చో చెప్పాలి. 'సూపర్' అన్నవాళ్లు తర్వాతి వారం అందరికీ బిస్కెట్లు తేవాలి. అందరి మాటలూ అయ్యాక ఆయన ఫోటో తీసినవాళ్లని ఒకే ఒక ప్రశ్న అడిగేవారు.

"ఇక్కడ్నే ఎందుకు నిలవడ్డవ్?"

ముప్ఫై ఏళ్లు పొలాల్లో, గుట్టల మీద కొలత యంత్రం నిలబెట్టి చూసిన మనిషి. యంత్రం ఒక అడుగు పక్కన పెడితే పొలాల మధ్య గెట్టు మారిపోతుందట, గెట్టు మారితే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారట. అందుకని నిలబడే చోటు గురించి ఆయనకంత పట్టింపు.

ఆ ప్రశ్నకి మాలో ఎవరమూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయేవాళ్లం. "అక్కడే ఖాళీ ఉంది సార్" అనేవాడు మా కుర్రాడు. నార్సింగి నుంచి వచ్చే ఆవిడ "నా తోట గదా, ఏడైనా నిలవడ్త" అనేది. ఆవిడకి ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి పక్కన మొక్కల నర్సరీ ఉంది. వాళ్లది ఆ ఊరే. కొనేవాళ్లకి మొక్కల ఫోటోలు పంపుతూ పంపుతూ ఇందులో పడింది. వారం వారం గులాబీలే తెచ్చేది. నాకు ఆ గులాబీలంటే విసుగు. నా మొహంలో అది కనిపిస్తుందని తర్వాత తెలిసింది.

ఒకసారి నేను దుర్గం చెరువు తీగల వంతెన ఫోటో తెచ్చాను. దానికోసం మూడు ఆదివారాలు తెల్లవారకముందే లేచి కేపీహెచ్‌బీ నుంచి స్కూటీ మీద వెళ్లాను. మూడో ఆదివారం నీళ్లు కదలకుండా అద్దంలా ఉన్నాయి, ఆకాశం నారింజ రంగుకి తిరిగింది, వంతెన నీళ్లలో తలకిందులుగా పడింది. ఇంటికొచ్చి ఆ ఫోటోని ఎన్నిసార్లు చూసుకున్నానో చెబితే సిగ్గుగా ఉంటుంది.

హోటల్లో ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను. మా కుర్రాడు "సూప..." అని నాలిక కరుచుకున్నాడు. పెద్దాయన టీ సాసర్‌లో పోసుకుని, తాగి, సాసర్ కింద పెట్టారు.

"ఫోటో మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇది నువ్వు తీసినవా, బ్రిడ్జే తీయించుకున్నదా?"

అందరూ నవ్వారు. నర్సరీ ఆవిడ కొంచెం ఎక్కువే నవ్వింది.

"ఇక్కడ్నే ఎందుకు నిలవడ్డవ్?"

"అందరూ అక్కడే నిలబడతారు సార్."

"అదే."

ఆ 'అదే' నన్ను వారమంతా తినేసింది. ఆఫీసులో ఎవరి ప్రోగ్రాములోనో ఒక తప్పు పట్టి 'తీవ్రమైనది' అని గుర్తు పెడుతుంటే కూడా ఆ సాసర్ చప్పుడే వినిపించింది. ఆయనకి బదులు తీర్చేలా ఏదో ఒకటి చేయాలి అనుకున్నాను. ఏం చేయాలో మాత్రం తోచలేదు. తోచింది ఆదివారం మధ్యాహ్నం, మా అత్తగారు ఫోను నా చేతికిచ్చినప్పుడు.

"అమ్మాయ్, మళ్లీ నిండిపోయిందంటోంది, చూడు."

మా అత్తగారి ఫోను నెలకోసారి నిండిపోతుంది. కారణం గ్యాస్ పొయ్యి. ఇల్లు కదిలి ఎక్కడికి వెళ్లినా గ్యాస్ కట్టామా లేదా అని ఆవిడకి దారిలో అనుమానం వస్తుంది. ఒకసారి విజయవాడ బయల్దేరి చౌటుప్పల్ దాకా వెళ్లాక ఆ అనుమానం వచ్చి, కారు వెనక్కి తిప్పించారు. వచ్చి చూస్తే గ్యాస్ కట్టే ఉంది. ఆ రోజు మా ఆయన విసుక్కుంటూ, "బయల్దేరే ముందు ఒక ఫోటో తీసుకోవే అమ్మా, అనుమానమొస్తే చూసుకోవచ్చు" అన్నారు. విసుగులో అన్న మాటని ఆవిడ శ్రద్ధగా పట్టుకున్నారు. అప్పటినుంచి కూరగాయలకి వెళ్లినా సరే, పొయ్యికి ఒక ఫోటో, వీధి తలుపు తాళానికి ఒక ఫోటో. లిఫ్టులో ఒకసారి, ఆటోలో ఒకసారి తీసి చూసుకుంటారు. చూసుకున్నాక ఆవిడ మొహం తేటపడుతుంది.

ఫోను నిండినప్పుడల్లా ఆ ఫోటోలని నా లాప్‌టాప్‌లోకి మార్చి ఆవిడ ఫోన్లోంచి తీసేయడం నా బాధ్యత. శాశ్వతంగా తీసేయడానికి ఒప్పుకోరు. "ఉండనీ, ఎప్పుడైనా అవసరమొస్తుంది" అంటారు. కిందటి ఏడాది మార్చిలో గ్యాస్ కట్టామో లేదో ఎవరికి అవసరమో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఆదివారం వాటిని మారుస్తూ ఉంటే ఒక తాళం ఫోటో దగ్గర చెయ్యి ఆగింది. ఇనుప గ్రిల్లు, దానికి ఇత్తడి తాళం, పక్కన గోడ మీద ఆవిడ చేతి నీడ, మూలన ఒక చెప్పు సగం. ఆ వారం మా గుంపులో ఇచ్చిన అంశం 'ఖాళీ'. రెండోసారి ఆలోచించకుండా గ్రూపులో పెట్టేశాను. నా ఎత్తు చాలా సులువైనది. వీళ్లు నవ్వుతారు, లేదా పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నవ్వితే సరేసరి. పెద్ద మాటలు చెబితే, ఇది మా అత్తగారు తాళం వేశానని గుర్తు కోసం తీసుకున్న ఫోటో అని చెప్పి, ఆ 'అదే' నేనూ ఒకసారి అందామనుకున్నాను.

శనివారం పొద్దున ట్యాబ్లెట్‌లో తాళం కనిపించగానే హోటల్ బల్ల చుట్టూ అందరూ ముందుకి వంగారు. మా కుర్రాడు గొంతు తగ్గించి, "ఇందులో ఏదో నొప్పి ఉంది" అన్నాడు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. నర్సరీ ఆవిడ, "తాళం గదా గిది" అంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. పెద్దాయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"ఇయ్యాల మొదటిసారి నువ్వేదో చూసినవ్ బిడ్డా" అన్నారు.

నిజం చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను కూడా. కాని ఏడు నెలలుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను, ఒక్క మెచ్చుకోలు వినలేదు. విన్న తర్వాత దాన్ని వెంటనే తిరిగి ఇచ్చేయడానికి మనసు రాలేదు. వచ్చే వారం చెబుదాం అనుకున్నాను.

"ఇక్కడ్నే ఎందుకు నిలవడ్డవ్? ఇంత ఎత్తుకెల్లి ఎందుకు తీసినవ్?"

"అలా అనిపించింది సార్."

"అనిపిస్తే సరిపోదు. ఆలోచించి చెప్పు. ఇగ ఇసొంటియే ఇంకా తియ్యి."

ఇంకా తీయాల్సిన పని ఏముంది, లాప్‌టాప్ నిండా ఉన్నాయి. తర్వాతి వారం పొయ్యి పెట్టాను. ఆ తర్వాతి వారం ఇంకో పొయ్యి. పెద్దాయన ప్రతి దానికీ కష్టపడి, వివరంగా చెప్పేవారు. కిటికీ వెలుతురు ఎడమ నుంచి పడటం బాగుందన్నారు. గట్టు అంచు కొంచెం వంగింది గాని అదీ మంచిదే అన్నారు. ఒక ఫోటో దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, "ఈ నాబు నా మనసుకు పడ్తలేదు. ఏదో పరేషాన్ చేస్తున్నది. గని తియ్యకు, ఉండనియ్యి" అన్నారు. నేను గంభీరంగా తలూపాను.

మా కుర్రాడికి ఉత్సాహం వచ్చి, వాళ్ల పొయ్యిని తన పెద్ద కెమెరాతో, స్టాండు వేసి, రెండు లైట్లు పెట్టి తీసుకొచ్చాడు. బర్నర్లు వజ్రాల్లా మెరుస్తున్నాయి. పెద్దాయన దాన్ని చూసి, "ఇది పొయ్యి గాదు, పొయ్యి ప్రకటన" అన్నారు. పాపం వాడు నా వైపు ఆరాధనగా చూసి, "మీరు ఏ లెన్స్ వాడుతున్నారక్కా" అని అడిగాడు. ఏదో గొణిగాను.

నా దొంగతనం మొదట కనిపెట్టింది నర్సరీ ఆవిడ. ఒక శనివారం గార్డెన్‌లో నడుస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"అక్కా, జర ఆగు. నువ్వు చీర కడ్తవా?"

"పండగలకి కడతాను. ఏం?"

"గ్యాస్ బంద్ జేస్తందుకు ఆకుపచ్చ చీర కడ్తవా?"

తన ఫోన్లో మా మూడో పొయ్యి ఫోటో తెరిచి, పెద్దది చేసి చూపించింది. గట్టు మీద బోర్లించిన స్టీలు గిన్నెలో, చిన్నగా, వంకరగా, ఆకుపచ్చ చీర కట్టుకుని రెండు చేతులతో ఫోను పట్టుకున్న మా అత్తగారు ఉన్నారు. కొప్పు కూడా తెలుస్తోంది.

నా నడక ఆగిపోయింది. మొత్తం చెప్పేశాను. వింటున్నంతసేపూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

"సార్‌కి చెబుతావా?"

"నేనెందుకు చెప్త? ఫికర్ జెయ్యకు. గని ఒకటున్నది. నా గులాబీలు చూసినప్పుడు నువ్వు మొకం అట్ల పెడ్తవ్ జూడు, అది నాకు మంచిగనిపియ్యదు. మూడు వారాలు నా ఫోటోలకు నువ్వే ముందుగాల చెప్పాలె. మంచిగున్నది అనుడు గాదు. ఏది మంచిగున్నదో ఏలు పెట్టి చూపియ్యాలె."

ఆవిడ పెట్టిన షరతు ఎంత కఠినమైనదో మొదటి వారమే తెలిసింది. గులాబీలో బాగున్నదేదో వెతకాలంటే గులాబీని చూడాలి. నేను అప్పటిదాకా ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. మొదటి వారం రంగు గురించి ఏదో నసిగాను. ఆవిడ కళ్లెగరేసింది. రెండో వారం నీడ గురించి చెప్పాను. మూడో వారం నిజంగానే ఒకటి కనిపించింది. పువ్వు వెనక మసగ్గా, నర్సరీలో పనిచేసే ఒక ఆడమనిషి నీళ్ల పైపు మెడ చుట్టూ వేసుకుని అన్నం తింటోంది. ఆ వెనక ఇంకా కడుతున్న ముప్ఫై అంతస్తుల భవనం. "పువ్వు కంటే వెనక ఉన్నదే బాగుంది. దాన్ని మసకబారనివ్వకు" అన్నాను. ఆవిడ నా మొహంలోకి అనుమానంగా చూసి, నేను నటించడం లేదని తెలుసుకుని, తల పంకించింది. తర్వాతి వారం నుంచి గులాబీలు తగ్గి మనుషులు పెరిగారు. మా గుంపులో అప్పటిదాకా ఎవరైనా ఎవరికైనా చెప్పిన పనికొచ్చే మాట అదేనేమో. అది నేను బెదిరింపుకి లొంగి చెప్పినది.

ఈలోపు నా పొయ్యిల పరిస్థితి చెయ్యి దాటింది. మా కుర్రాడు ఉండేది నార్సింగి దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీలో. వాళ్ల వార్షికోత్సవానికి క్లబ్‌హౌస్‌లో మా గుంపు ఫోటోలు పెడదామన్నాడు. అందరివీ తలో రెండు. నావి మాత్రం ఆరు, హాలు మధ్యలో. ఆ నిర్ణయం పెద్దాయనది. వద్దని నేను ఎంత చెప్పినా వినయం అనుకున్నారు. నర్సరీ ఆవిడ మాత్రం "పెట్టాలె సార్, పెట్టాలె" అని నా వైపు చూడకుండా అంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా కుర్రాడు మా ఆయనకి ఆహ్వానం పంపుతాడని ఊహించలేదు. ఆదివారం పొద్దున హాల్లో దండేనికి క్లిప్పులతో ఫోటోలు తగిలిస్తుంటే ఆయన ఫోను చేసి, "నీ ఫోటోలు పెడుతున్నారటగా, చెప్పనే లేదు. అమ్మ కూడా వస్తానంటోంది. బయల్దేరుతున్నాం" అన్నారు.

"ఇక్కడ ఏసీ లేదు" అన్నాను.

"పర్లేదులే."

"పార్కింగ్ కూడా లేదు."

"మెట్రోలో వచ్చి ఆటో ఎక్కుతాం" అని పెట్టేశారు.

వాళ్లు వచ్చేసరికి హాలు నిండింది. నేను సమోసాల బల్ల వెనక నిలబడ్డాను. మా అత్తగారు గుమ్మంలో ఆగి, ఫోను తీసి, ఆ పొద్దుటి పొయ్యి ఫోటో ఒకసారి చూసుకుని, సంచిలో పెట్టుకుని లోపలికొచ్చారు. మొదట నర్సరీ ఆవిడ ఫోటోలు చూశారు, బాగున్నాయన్నారు. వంతెన ఫోటోలు మూడు ఉంటే వాటిని ఆగకుండా దాటేశారు. హాలు మధ్యకి వచ్చి నిలబడిపోయారు.

"ఒరేయ్, ఇది మన పొయ్యేరా."

"పొయ్యిలన్నీ అలాగే ఉంటాయమ్మా" అన్నారు మా ఆయన.

"నా పొయ్యి నాకు తెలియదట్రా? అదిగో, ఆ పాల మరక చూడు. ఇది మన తాళం. అయ్యయ్యో, తాళం కూడా పెట్టారేంటి, కంపెనీ పేరు కనిపిస్తోంది. దొంగలు చూస్తే?"

తాళం కింద మా కుర్రాడు ఒక పేరా రాసి అంటించాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు. "'ఈ మహానగరంలో ఎవరి కోసమూ తెరుచుకోని ఒంటరి ఇల్లు.' ఒంటరి ఇల్లేంటండీ? మేం నలుగురం ఉంటాం. ఆ రోజు కూడా శుభ్రంగా సాయంత్రానికి వచ్చేశాం."

పక్కనే ఉన్న పెద్దాయన ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే నాలుగో ఫోటో దగ్గరికి వెళ్లి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"ఈ రోజు కట్టలేదు."

"ఏం గట్టలే అమ్మా?" అన్నారు పెద్దాయన.

"గ్యాసండీ. చూడండి, నాబు పూర్తిగా తిరగలేదు, సిమ్‌లో ఉంది. ఇది మేం అమీర్‌పేట పెళ్లికి వెళ్లిన రోజు. మెట్రోలో ఈ ఫోటో చూసుకుని, మూసాపేటలో అందర్నీ దింపేసి వెనక్కి తీసుకొచ్చాను. వచ్చి చూస్తే సన్నగా వెలుగుతూనే ఉంది. అందరూ నన్ను చూసి నవ్వుతారు గాని, ఆ రోజు ఈ ఫోటో లేకపోతే ఏమయ్యేది చెప్పండి."

పెద్దాయన ఫోటోని చూశారు, ఆవిడ్ని చూశారు, సమోసాల బల్ల వైపు చూశారు. నేను తలొంచుకున్నాను.

"ఈ నాబు నా మనసుకు పడ్తలేదని నేను ముందుగాలే అన్న" అన్నారాయన మెల్లగా. "అందరు విన్నరు గదా?"

విన్నామని అందరూ ఒప్పుకున్నారు. ఆయన మొహంలో కోపం కంటే ఏదో గెలిచిన సంతోషమే ఎక్కువ కనిపించింది. తర్వాత ఆవిడ్ని అడిగారు.

"అమ్మా, ఒక్క మాట చెప్పుండ్రి. ఇక్కడ్నే ఎందుకు నిలవడ్డరు?"

"ఎక్కడ నిలబడమంటారండీ? నాకు మోకాళ్లు వంగవు. వంగకుండా నాబూ పడాలి, కింద సిలిండర్ దగ్గర మీటా పడాలి. రెండూ ఒకే ఫోటోలో రావాలంటే ఫ్రిజ్ పక్కన గోడకి ఆనుకుని, ఫోను ఇంత ఎత్తులో పట్టుకోవాలి. రెండు ఫోటోలు తీస్తే ఊరికే నిండిపోతుంది కదా."

 పెద్దాయన మా అందరి వైపూ తిరిగారు. "ఇన్ని రోజుల సంది అడుగుతున్న. ఒక్కరి నోట్లకెల్లి గిసొంటి జవాబు రాలే."

ఇక దాక్కుని లాభం లేదు. బల్ల వెనక నుంచి వచ్చి, అందరి ముందూ చెప్పాను. వంతెన దగ్గర్నుంచీ, 'అదే' దగ్గర్నుంచీ మొత్తం చెప్పాను. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. మా కుర్రాడు నిశ్శబ్దంగా వెళ్లి తాను రాసిన పేరా పీకి జేబులో పెట్టుకున్నాడు. నర్సరీ ఆవిడ "అయ్యో, నాకు తెల్వనే తెల్వదు" అంది. నేను ఆమె వైపు చూశాను. తను గులాబీల వైపు చూసింది.

పెద్దాయన పెన్ను తీసి ఫోటోల కింద ఉన్న నా పేరు కొట్టేశారు. ఆరు చోట్లా కొట్టేసి, మా అత్తగారి పేరు అడిగి రాశారు. ఆవిడ ఇంటిపేరుతో సహా రాయమన్నారు, రెండో దాంట్లో దీర్ఘం మర్చిపోతే దిద్దించారు. తర్వాత నాకు శిక్ష వేశారు. రెండు నెలలు ఫోటోలు పెట్టకూడదు. వచ్చి కూర్చుని ఇతరుల ఫోటోల గురించి మాత్రమే చెప్పాలి. "నీకు చూసుడు వస్తది. ఆ గులాబీల వెనక అన్నం తినే ఆమెను చూసినవ్ గదా. తీసుడు ఇగ నేర్చుకో" అన్నారు. అది తిట్టో మెచ్చుకోలో అర్థం కాలేదు. దాన్నీ వారమంతా మోశాను.

ఆ సాయంత్రం ఆటోలో అత్తగారికి క్షమాపణ చెప్పాను. ఆవిడ సంచిలోంచి ఫోను తీసి, ఆ పొద్దుటి పొయ్యి ఫోటో ఇంకోసారి చూసుకున్నారు. మా ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చుని నవ్వు ఆపుకుంటున్న సంగతి భుజాలు చెబుతున్నాయి.

"అడిగితే ఇవ్వనా?" అన్నారావిడ చివరికి.

"తప్పే అత్తయ్యా."

"అది కాదు. ముందే చెప్తే ఆ పాల మరక తుడిచి తీసేదాన్ని కదా. అంతమంది చూశారు." ఆవిడకి నిజంగా కష్టం కలిగించింది అదేనని తెలిసి నాకు ఇంకా సిగ్గేసింది. ఇంటికెళ్లగానే పొయ్యి నేనే తోమాను. ఎవరూ అడగలేదు.

మరుసటి శనివారం ఆవిడ నాకంటే ముందు తయారై కూర్చున్నారు. పెద్దాయన స్వయంగా రమ్మన్నారట. మొదటి రోజే మా కుర్రాడి సూర్యోదయం చూసి, "బాగుంది బాబూ, దేనికి తీశావు?" అని అడిగారు. వాడు ఆలోచించి, "కెమెరా కొన్నాను కదండీ, అందుకని" అన్నాడు. ఆ మాట నిజం కావడంతో ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు వాడు ప్రతి వారం వాళ్ల కమ్యూనిటీ సెక్యూరిటీ వాళ్ల టిఫిన్ డబ్బాలు తీస్తున్నాడు. కొన్ని బాగానే ఉంటున్నాయి.

నా రెండు నెలలూ గడిచాక మా ఆఫీసు క్యాంటీన్ వెనక ప్లేట్లు కడిగే చోటు తీశాను. ఒకామె రెండు చేతులా నురగతో, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కుకుని ఎవరితోనో దెబ్బలాడుతోంది. ఆవిడ్ని అడిగే తీశాను. పక్కన తొట్టి మీద నుంచి తీశాను, అటువైపు నిలబడితే ఆవిడ చేతులు కనిపించవు కాబట్టి. పెట్టేముందు ఇంట్లో అత్తగారికి చూపించాను.

"బాగుంది. ఆ చివర ఎర్ర బకెట్ ఎందుకు? కోసెయ్."

కోసేసి పెట్టాను. శనివారం పెద్దాయన చూసి, నిలబడిన చోటు గురించి అడిగి, నా జవాబుకి తలూపి, "ఈ పక్కకు ఏమున్నదో కోసినట్టున్నవ్" అన్నారు. అసలు ఫోటో చూపించమన్నారు. చూసి, "బకెటే గదా దీంట్ల పానం. ఎవరు కొయ్యమన్నరు?" అన్నారు.

నేను టీ తాగాను.

"నేనేనండీ" అన్నారు మా అత్తగారు. "ఎర్ర బకెట్ ఉంటే కళ్లు దాని మీదకే పోతాయి. ఆ అమ్మాయిని ఎవరు చూస్తారు?"

"బకెట్ చూసినంక అమ్మాయిని చూస్తరమ్మా. వరుస ఉంటది."

"ముందు అమ్మాయిని చూడాలండీ."

ఇద్దరూ ఆ రోజు టీ చల్లారబెట్టుకున్నారు. వారం గడిచినా ఎవరూ తగ్గలేదు. నర్సరీ ఆవిడ ఇద్దరికీ విడివిడిగా 'మీరు చెప్పిందే రైటు' అని మెసేజ్ పెట్టింది. నేను రెండు ఫోటోలూ దాచుకున్నాను. పెద్దాయనకి బకెట్ ఉన్నది పంపాను, మీరు చెప్పినట్టే ఉంచేశానని. అత్తగారికి బకెట్ లేనిది హాల్లో ఫ్రేము కట్టించి పెట్టాను. ఇద్దరూ నా మీద చాలా సంతోషంగా ఉన్నారు. పెద్దాయన మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. రావద్దనే కోరుకుంటున్నాను.